ఎలిమెంటరీ స్కూల్ పీటీఓకి డబ్బివ్వాలా, టైమివ్వాలా? ఒక సమీక్ష

అమెరికాలో ఆగస్టు వచ్చిందంటే బడి నుంచి వచ్చే కాగితాల కట్టలో లంచ్ ఫారం, ఎమర్జెన్సీ కార్డుల మధ్య పీటీఓ (పేరెంట్ టీచర్ ఆర్గనైజేషన్) వాళ్ల కాగితం ఒకటి తప్పకుండా ఉంటుంది. సభ్యత్వానికి 10 డాలర్లో 20 డాలర్లో, ఆపైన ఒక్కో పిల్లకు ఇంతని విరాళం, కింద ఏయే పనులకు వస్తారో టిక్కు పెట్టమని ఒక పట్టిక. చాలామంది మన తల్లిదండ్రులు మొదటి ఏడాది దీన్ని స్కూల్ ఫీజు అనుకుని కట్టేస్తారు. రెండో ఏడాది ఫీజు కాదని తెలిసి పక్కన పడేస్తారు. రెండూ తొందరపాటే. పీటీఓ అంటే బడీ కాదు, ఆ ప్రాంతంలోని బడులన్నీ నడిపే స్కూల్ డిస్ట్రిక్టూ కాదు. తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి నడిపే విడి సంస్థ. డబ్బు పెట్టి తీసుకునే ఏ సేవనైనా చూసినట్టే దీన్నీ చూడాలి: ఏమిస్తోంది, ఎంత తీసుకుంటోంది, అవసరం పడితే నిలబడుతుందా?

ముందే తేల్చి చెప్పేస్తే, మామూలు ఎలిమెంటరీ స్కూల్ పీటీఓకి డబ్బు పోగుచేయడంలో 5కి 4 మార్కులు. ఆ డబ్బుకు లెక్క చెప్పడంలో 3. ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలో చెప్పే బౌండరీలు మారినప్పుడు, బడులు కలిపేసినప్పుడు కుటుంబాలకు దన్నుగా ఉండటంలో 2. ఈ మూడో అంకె తక్కువ కావడానికి కారణం రెండో అంకెలోనే ఉంది. లెక్కలు, పత్రాలు సరిగ్గా లేని పీటీఓ మామూలు రోజుల్లో బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మార్పు వచ్చిన ఏడాదే చేతులెత్తేస్తుంది.

పీటీఏ (పేరెంట్ టీచర్ అసోసియేషన్), పీటీఓ ఒకటేనా అంటే, పని ఒకటే, ఏర్పాటు వేరు. 1897లో వాషింగ్టన్‌లో ఆలిస్ మెక్‌లెల్లన్ బర్నీ, ఫీబీ ఆపర్సన్ హర్స్ట్ మొదలుపెట్టిన తల్లుల సంఘమే పెరిగి నేటి జాతీయ పీటీఏ అయింది. మీ బడిలో ఉన్నది పీటీఏ అయితే మీరు కట్టే సభ్యత్వంలో కొంత రాష్ట్ర, జాతీయ సంఘాలకు వెళ్తుంది. బదులుగా బైలాస్ (సంఘం నియమావళి) నమూనాలు, ట్రెజరర్‌కి శిక్షణ దొరుకుతాయి, తగాదా వస్తే చెప్పుకోవడానికి పైన ఒకరుంటారు. పీటీఓ స్వతంత్రం. పైకి పంపాల్సిన వాటా లేదు, అడిగేవాళ్లూ లేరు. మంచి ట్రెజరర్ ఉన్నన్నాళ్లు దీనివల్ల ఇబ్బంది ఉండదు. ఆ ట్రెజరర్ పిల్లలు మిడిల్ స్కూల్‌కి వెళ్లిపోయాక అసలు సంగతి తెలుస్తుంది.

సభ్యత్వం డబ్బుకు వచ్చేది ప్రధానంగా ఓటు. బడ్జెట్ ఆమోదానికి, ఆఫీసర్ల ఎన్నికకు చెయ్యెత్తే హక్కు. కొన్నిచోట్ల కుటుంబాల డైరెక్టరీ కూడా సభ్యులకే ఇస్తారు. సభ్యత్వం కట్టకపోయినా మీ పిల్లలకు ఫీల్డ్ ట్రిప్పులో గానీ అసెంబ్లీలో గానీ ఏమీ తగ్గదు, తగ్గకూడదు కూడా. తగ్గిస్తున్నారంటే ఆ పీటీఓకి సున్నా ఇవ్వొచ్చు.

బడ్జెట్ కాగితం చదవడం

పీటీఓని అంచనా వేయడానికి ఒక్క పేజీ చాలు: ఈ ఏడాది బడ్జెట్, పక్కనే పోయిన ఏడాది అసలు ఖర్చు. అది వెబ్‌సైట్‌లో లేకపోతే అడగండి. అడిగితే వారంలో రాకపోతే విరాళం ఆపండి.

400 మంది పిల్లలున్న బడి, 32,000 డాలర్ల బడ్జెట్ అనుకుందాం. అంటే ఒక్కో పిల్లకు 80 డాలర్లు. ఫీల్డ్ ట్రిప్ బస్సులకు 7,000. 24 మంది టీచర్లకు క్లాస్‌రూమ్ సామాన్ల కింద తలా 150 చొప్పున 3,600. అసెంబ్లీలకు 3,000, లైబ్రరీకి 2,500, టీచర్ అప్రిసియేషన్ వారానికి 2,000, ఐదో తరగతి వీడ్కోలుకు 1,500, ఈవెంట్లకు 4,500, ప్లేగ్రౌండ్ నిధికి 5,000, డబ్బుకు ఇబ్బందిపడే కుటుంబాలకు ట్రిప్పు ఫీజులాంటి సాయానికి 2,000, ఇన్సూరెన్సు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వగైరాలకు 900.

ఇందులో ముందు చూడాల్సింది ఈవెంట్ల లైను. ఫాల్ కార్నివాల్, డాన్సులు, ఇంటర్నేషనల్ నైట్ లాంటివి ఖర్చు కింద ఒకచోట, రాబడి కింద ఇంకోచోట రాస్తారు. రెండూ తీసివేసి చూస్తే తప్ప అది డబ్బు తెచ్చే ఈవెంటో, తినే ఈవెంటో తెలియదు. డబ్బు తినే ఈవెంటు తప్పేం కాదు, కుటుంబాలు కలుసుకోవడానికి పెట్టిన ఖర్చది. కాకపోతే దాన్ని ఫండ్‌రైజర్ అని పిలవకూడదు. తరువాత చూడాల్సింది సాయం లైను. చాలా బడ్జెట్లలో అది అసలే ఉండదు. ఇన్సూరెన్సు లైను లేకపోవడం ఇంకా పెద్ద లోపం. కార్నివాల్‌కు పిల్లలు ఎగిరి గెంతే గాలి కోట (బౌన్స్ హౌస్) తెప్పించే ముందు పాలసీ చదవాలి, చాలా లయబిలిటీ పాలసీలు దాన్ని మినహాయిస్తాయి. అద్దెకిచ్చే కంపెనీ నుంచి పీటీఓ పేరు, డిస్ట్రిక్ట్ పేరు చేర్చిన ఇన్సూరెన్సు సర్టిఫికెట్ తెప్పించుకోవాలి.

వచ్చే ఏడాదికి మిగిల్చే మొత్తం సెప్టెంబరు, అక్టోబరు ఖర్చులకు సరిపోయేంత ఉంటే చాలు. ఏడాది బడ్జెట్ అంత డబ్బు పేరూ ఊరూ లేకుండా ఖాతాలో పడి ఉంటే, ఇప్పుడు చదువుతున్న పిల్లల కోసం ఇచ్చిన డబ్బు ఎవరికీ అందలేదన్నమాట. ప్లేగ్రౌండ్ కోసమే దాస్తుంటే ఆ మాట మినిట్స్‌లో (సమావేశం రాతల్లో) రాసి, విడి లైనులో చూపించాలి. ఇది ఎంత ముఖ్యమో బడులు కలిసినప్పుడు తెలుస్తుంది, అక్కడికి వస్తాం.

ఆర్ట్ టీచరో, క్లాసులో సాయపడే ఎయిడో కావాలంటే పీటీఓ నేరుగా జీతం ఇవ్వడం కుదరదనే అనుకోండి. డిస్ట్రిక్ట్‌కు విరాళంగా ఇస్తే వాళ్లు నియమిస్తారు. దీనికీ కొన్ని డిస్ట్రిక్టులు ఒప్పుకోవు, ఎందుకంటే డబ్బున్న పేటలోని బడికే అదనపు టీచర్లు వస్తారు. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో చాలా ఏళ్లపాటు ఇలా పోగుచేసిన డబ్బులో మొదటి 10,000 డాలర్లు దాటిన మొత్తంలో మూడోవంతు మిగతా బడుల కోసం ఉమ్మడి నిధికి ఇచ్చేవారు. పీటీఓ వాళ్లు టీచర్ పోస్టు కోసం డబ్బు అడుగుతుంటే, డిస్ట్రిక్ట్ రాతపూర్వకంగా ఒప్పుకుందా, వచ్చే ఏడాది డబ్బు రాకపోతే ఆ పోస్టు ఏమవుతుంది అన్న రెండు ప్రశ్నలూ అడగాల్సిందే.

ఏ ఫండ్‌రైజర్ ఎంత తెస్తుంది

నేరుగా విరాళం అడగడమే అన్నిటికన్నా మేలు. అమ్మేది లేదు, ప్రైజుల్లేవు, ఇచ్చిన డాలరు దాదాపు మొత్తం బడికే చేరుతుంది. కార్డుతో 100 డాలర్లిస్తే సుమారు 3 డాలర్లు ఫీజు కింద పోతాయి, చెక్కు రాస్తే అదీ పోదు. 250 డాలర్లు, ఆపైన ఒకేసారి ఇస్తే పన్ను మినహాయింపుకు పీటీఓ నుంచి రాతపూర్వక రసీదు ఉండాలి, చెల్లిన చెక్కు ఒక్కటే చాలదు. ఆ రసీదులో బదులుగా ఏ వస్తువూ సేవా ఇవ్వలేదన్న వాక్యం ఉందో లేదో చూసుకోండి. పన్ను ఫారంలో మినహాయింపులను ఐటమైజ్ చేయని (విడివిడిగా చూపించని) కుటుంబాలు కూడా 2026 పన్ను సంవత్సరం నుంచి నగదు విరాళాల్లో విడిగా ఫైల్ చేస్తే 1,000, జంటగా చేస్తే 2,000 డాలర్ల వరకు చూపించుకోవచ్చు.

మన కుటుంబాలు ఎక్కువగా వదిలేసుకునేది ఎంప్లాయర్ మ్యాచింగ్. చాలా టెక్ కంపెనీల్లో పనిచేసేవాళ్లు 200 ఇస్తే కంపెనీ ఇంకో 200 ఇస్తుంది. కొన్ని కంపెనీలు వాలంటీర్ గంటలకు కూడా డబ్బిస్తాయి, మైక్రోసాఫ్ట్ గంటకు 25 డాలర్లిస్తుంది. పని చిన్నదే గానీ, తప్పు జరిగేచోట్లు చాలా ఉన్నాయి. కంపెనీలు మ్యాచింగ్ కోసం వాడే బెనెవిటీ లాంటి పోర్టల్‌లో బడి పేరు కొడితే దేశంలో అదే పేరున్న బడులు పదిపదిహేను వస్తాయి. లింకన్ పేరుతో, వాషింగ్టన్ పేరుతో లెక్కలేనన్ని బడులున్నాయి. పేరు చూసి ఎంచుకుంటే డబ్బు వేరే రాష్ట్రానికి పోతుంది. పీటీఓ వాళ్ల 9 అంకెల ఈఐఎన్ (పన్ను శాఖ సంస్థకిచ్చే నంబరు) అడిగి, దానితోనే వెతకండి. అదే జాబితాలో బడి పేరు, డిస్ట్రిక్ట్ పేరు, డిస్ట్రిక్ట్ ఫౌండేషన్ పేరు విడివిడిగా ఉంటాయి. వాటికిస్తే డబ్బు పీటీఓ ఖాతాకు రాదు. పీటీఓ వైపు జరిగే పొరపాటు ఇంకోటి. పోర్టల్‌లో చిరునామా పాత ట్రెజరర్ ఇంటిదే ఉండిపోతుంది, చెక్కులు అక్కడికే వెళ్తాయి, వాళ్లు ఇల్లు మారి ఉంటారు. బ్యాంకు ఖాతా నేరుగా జతచేసి, బడి చిరునామా పెట్టి, పాస్‌వర్డు ఒక్కరి సొంత ఈమెయిల్‌కి కాకుండా పీటీఓ ఈమెయిల్‌కి ముడిపెడితే ఈ బాధ తప్పుతుంది. మ్యాచింగ్ రిక్వెస్టుకు ప్రతి కంపెనీకీ గడువుంటుంది. విరాళం ఇచ్చిన రోజే పెట్టేయడం మంచిది.

ఫన్ రన్ అంటే పిల్లలు పరుగెత్తితే చుట్టాలు ప్లెడ్జ్ (ఇస్తామన్న మాట) ప్రకారం డబ్బివ్వడం. పిల్లలకు ఇష్టం, తల్లిదండ్రులకు తలనొప్పి. బయటి కంపెనీ వచ్చి నడిపితే మ్యూజిక్, ప్రైజులు, ప్లెడ్జ్ సైటు అన్నీ వాళ్లే చూసుకుంటారు, తమ వాటా తీసుకుంటారు. వాటా 40% అనుకుంటే 20,000 డాలర్లు పోగైనప్పుడు బడికి వచ్చేది 12,000. తాతలు, బాబాయిలు ఇచ్చిన 20,000లో 8,000 కంపెనీకి వెళ్లిందని ఇచ్చినవాళ్లకు చెప్పరు. అదే సొంతంగా నడిపితే టీషర్టులు, నీళ్లు, ఐస్ పాప్స్, సైటు ఫీజు కలిపి ఖర్చు చాలా తక్కువలో తేలుతుంది. కాకపోతే 25, 30 మంది వాలంటీర్లు, పీఈ టీచర్ సహకారం కావాలి. ల్యాపుకు ఇంతని ప్లెడ్జ్ పెట్టకుండా మొత్తంగా ఇంతని పెడితే వసూళ్ల గొడవ తగ్గుతుంది. ప్రైజులు విడివిడిగా పిల్లలకు కాకుండా మొత్తం క్లాసుకు పెట్టమనండి. చుట్టాలు తక్కువున్న పిల్లలు చిన్నబోకుండా ఉంటారు.

కుకీ డో, గిఫ్ట్ ర్యాప్ అమ్మకాల్లో బడికి మిగిలేది సాధారణంగా 40 నుంచి 50%. ఆఫీసులో, వాట్సాప్ గ్రూపుల్లో మొహమాటపెట్టి అమ్మాలి, తరువాత గడ్డకట్టిన డబ్బాలు కరిగేలోపు ఇంటింటికీ చేర్చాలి. దీన్ని పూర్తిగా మానేయొచ్చు.

రెస్టారెంట్ నైట్లలో బిల్లులో 10 నుంచి 25% బడికి వస్తుంది. అదీ కౌంటర్ దగ్గర చెప్పినా, కోడ్ వాడినా తప్ప లెక్కలోకి రాదు. డెలివరీ యాప్ నుంచి తెప్పిస్తే చాలాచోట్ల సున్నా. సాయంత్రం కలిసి తినడానికి బాగుంటుంది, బడ్జెట్‌కి దాన్ని నమ్ముకోకూడదు. కొన్న సరుకుల మీద బడికి డబ్బిచ్చే బాక్స్ టాప్స్ కూడా అంతే. 1996లో జనరల్ మిల్స్ మొదలుపెట్టింది, ఇప్పుడు యాప్‌లో రసీదు స్కాన్ చేయాలి, కొన్న 14 రోజుల్లోపే, ఒక్కోదానికి 10 సెంట్లు. అట్టముక్కలు కత్తిరించి డబ్బాలో వేసే పద్ధతి ఇక లేదు. కొనుగోలులో కొంత విరాళంగా ఇచ్చే అమెజాన్ స్మైల్ 2023 ఫిబ్రవరిలోనే ఆగిపోయింది. ఇంకా దాని లింకు వెబ్‌సైట్‌లో ఉంచిన పీటీఓ తన పేజీ ఎన్నాళ్లుగా చూసుకోలేదో మీరే ఊహించుకోండి.

వేలంపాట పెద్ద మొత్తమే తెస్తుంది. కాకపోతే 100 డాలర్ల విలువైన బుట్టకు 150 పెట్టి కొంటే పన్ను లెక్కలో విరాళం 50 మాత్రమే. ఇలా వస్తువుతో ముడిపడిన చెల్లింపు 75 డాలర్లు దాటితే వస్తువు విలువ ఎంతో పీటీఓ రాతపూర్వకంగా చెప్పాలి. రాఫిల్ (లాటరీ) టికెట్టు అసలు విరాళమే కాదు. పైగా రాఫిల్‌కి చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషనో పర్మిటో కావాలి.

సరదాగా కనిపించి చిక్కుల్లో పడేసేవి రెండున్నాయి. ఒకటి మూవీ నైట్. ఇంట్లో ఉన్న స్ట్రీమింగ్ ఖాతాతో జిమ్‌లో తెర కట్టి చూపిస్తే, టికెట్టు పెట్టకపోయినా, అది బహిరంగ ప్రదర్శనే. విడిగా లైసెన్సు తీసుకోవాలి. డిస్ట్రిక్ట్‌కి ఏడాది లైసెన్సు ఉందేమో ముందు అడగాలి. రెండోది బడివేళల్లో తినుబండారాల అమ్మకం. 2014 జూలై నుంచి స్మార్ట్ స్నాక్స్ నిబంధనలున్నాయి. అర్ధరాత్రి నుంచి బడి వదిలిన అరగంట వరకు పిల్లలకు అమ్మే ప్రతి తిండికీ కేలరీలు, ఉప్పు, చక్కెర పరిమితులున్నాయి. ఏడాదికి కొన్ని ఫండ్‌రైజర్లకు మినహాయింపు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. ఇంట్లో చేసిన వంటలకు వేరే అడ్డంకులు. ఇంటర్నేషనల్ నైట్‌కి పులిహోర తెస్తామని పేరు రాసేముందు డిస్ట్రిక్ట్ ఆహార నియమం, అలర్జీ చీటీ సంగతి అడగండి.

ఇంకో పద్ధతి కొన్ని బడుల్లో ఇంకా కనిపిస్తుంది. ఐదో తరగతి క్యాంపుకు మీ పిల్ల ఎంత పోగుచేస్తే అంత ఆ పిల్ల ఫీజులోంచి తగ్గించడం. న్యాయంగానే అనిపిస్తుంది గానీ 501(సి)(3) సంస్థకు, అంటే పన్ను మినహాయింపు హోదా ఉన్న ధర్మసంస్థకు, ఇది కుదరదు. 2013లో కాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ ఇలాంటి పద్ధతి వల్లే టాక్స్ కోర్టులో తన హోదా పోగొట్టుకుంది. పోగైన డబ్బు అందరికీ సమానంగా, లేదా అవసరాన్ని బట్టి పంచాలి.

లెక్కల తాళం ఎవరి దగ్గర

పీటీఓల్లో డబ్బు పోవడం అరుదేం కాదు. పోయే దారి దాదాపు ఎప్పుడూ ఒకటే: ఖాతా, చెక్కు పుస్తకం, డెబిట్ కార్డు, రిపోర్టు అన్నీ ఒకే మనిషి దగ్గర ఉండటం. నమ్మకం లేక కాదు, పని చేసేవాళ్లు లేక అలా జరుగుతుంది. చూడాల్సినవి కొన్నే. చెక్కుపై చుట్టరికం లేని ఇద్దరి సంతకాలు ఉండాలి. భర్త ప్రెసిడెంటు, భార్య ట్రెజరర్ అయితే అవి రెండు సంతకాలు కావు. కార్నివాల్ రోజు నగదును అక్కడే ఇద్దరు లెక్కపెట్టి, చీటీ మీద సంతకాలు చేసి, అదే రోజు బ్యాంకులో వేయాలి. రాత్రికి ఎవరి ఇంటికీ తీసుకెళ్లకూడదు. నెలవారీ స్టేట్‌మెంటును సంతకం అధికారం లేని ఒకరు చూడాలి. ఖాళీ చెక్కు మీద ముందే సంతకం పెట్టి ఉంచడం అన్నిటికన్నా పెద్ద తప్పు, అన్నిటికన్నా మామూలు తప్పు కూడా.

పన్ను పత్రాల సంగతి మీరే ఇంట్లో కూర్చుని చూడొచ్చు. పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైటులో ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్‌లో ఈఐఎన్ కొడితే హోదా ఉందో రద్దయిందో తెలుస్తుంది. ఏడాది రాబడి మామూలుగా 50,000 డాలర్లలోపు ఉండే పీటీఓ 990-ఎన్ అనే చిన్న ఫారం ఆన్‌లైన్‌లో పెడితే చాలు, పది నిమిషాల పని. జూన్ 30తో ఏడాది ముగిసేవాళ్లకు గడువు నవంబరు 15. వరుసగా మూడేళ్లు పెట్టకపోతే హోదా దానంతటదే రద్దవుతుంది. ఆఫీసర్లు ఏడాదికోసారి మారిపోయే సంస్థలో మూడేళ్లు మరిచిపోవడం చాలా తేలిక. మళ్లీ తెచ్చుకోవాలంటే దరఖాస్తు, ఫీజు. చిన్న సంస్థలు వాడే 1023-ఈజెడ్‌కే 275 డాలర్లు. పీటీఏలు కొన్ని రాష్ట్ర సంఘం గొడుగు కింద ఉంటాయి కాబట్టి విడిగా కనిపించకపోవచ్చు. అప్పుడు రాష్ట్ర సంఘం ఇచ్చిన ఉత్తరం చూపించమనాలి.

బడి మారుతున్నప్పుడు

పిల్లల సంఖ్య తగ్గడం వల్లో, కొత్త ఇళ్లు ఒకవైపే కట్టడం వల్లో డిస్ట్రిక్టులు బౌండరీలు తిరగగీస్తాయి, బడులు మూసేస్తాయి, లేదా రెండు బడులను జతచేస్తాయి. ఒకదాంట్లో రెండో తరగతి వరకు, ఇంకోదాంట్లో మూడు నుంచి ఐదు. ఈ జతపరచడం 1948లో న్యూజెర్సీలోని ప్రిన్స్‌టన్‌లో చేసినందువల్ల దాన్ని ప్రిన్స్‌టన్ ప్లాన్ అంటారు. ఏదైనా సరే కుటుంబాలకు తెలిసేటప్పటికి మ్యాపులు సగం తయారై ఉంటాయి. శరత్కాలంలో కన్సల్టెంటు, కమిటీ, చలికాలంలో ఓపెన్ హౌసులు, బోర్డు ఓటు, ఆగస్టులో అమలు. ఎక్కువగా జరిగే వరుస ఇది.

ఇలాంటప్పుడు పీటీఓ నుంచి ఎక్కువగా వినిపించే జవాబు "మాది నాన్ ప్రాఫిట్, మేం మాట్లాడకూడదు". ఇది నిజం కాదు. అభ్యర్థుల ఎన్నికల్లో పక్షం తీసుకోవడం మాత్రం పూర్తిగా నిషిద్ధం, స్కూల్ బోర్డు అభ్యర్థులైనా అంతే. చట్టసభలో బిల్లు గురించో, స్కూల్ కోసం అప్పో పన్నో అడిగే బాండ్ లెవీ గురించో ఓటర్లను ఒప్పించబోతే అది లాబీయింగ్, పరిమితంగా చేయొచ్చు. 5768 ఫారం పెట్టుకుంటే మొదటి 5 లక్షల డాలర్ల ఖర్చులో 20% వరకు లాబీయింగ్‌కు పెట్టొచ్చని కొలత స్పష్టంగా ఉంటుంది. కానీ ఆ కొలత కింద స్కూల్ బోర్డు శాసనసభ కాదు, పరిపాలనా సంస్థ. బౌండరీల మీద బోర్డు ముందు మాట్లాడటం లాబీయింగ్ లెక్కలోకే రాదు. చేతులు కట్టేసింది చట్టం కాదు, భయం.

సరే, మాట్లాడితే ఎవరి తరఫున? పీటీఓలో ఉండేది ఇటు వీధివాళ్లూ అటు వీధివాళ్లూ. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు మ్యాపు ఎటు వంగితే అటు లాగుతారు. కాబట్టి ఏ మ్యాపు మంచిదో పీటీఓ తేల్చనక్కర్లేదు. తేల్చబోతే సంఘం రెండుగా చీలుతుంది. చేయాల్సిన పని వేరే ఉంది, దాన్ని ఎవరూ చేయరు: ప్రతి మ్యాపు కింద ఏ బడిలో ఎంతమంది, భవనం సామర్థ్యం ఎంత, ఎవరు నడిచి వెళ్లగలరు, ఎవరికి బస్సు వస్తుంది, ఏ మిడిల్ స్కూల్‌కి వెళ్తారు, ఐదో తరగతి పిల్లలను పాత బడిలోనే ముగించనిస్తారా, తమ్ముడికి కూడా అదే వర్తిస్తుందా. ఈ ప్రశ్నలను ఉత్తరంగా పంపి, జవాబులు రాతలో తెచ్చి, అన్ని కుటుంబాలకూ వాళ్లకు అర్థమయ్యే భాషలో పంచితే పీటీఓ తన పని చేసినట్టే. బోర్డు ముందు మాట్లాడటానికి మామూలుగా ఇచ్చేది రెండు మూడు నిమిషాలు, ముందే పేరు రాయించుకోవాలి. ఇరవైమంది ఒకే మాట చెప్పడం కన్నా ఐదుగురు ఐదు విషయాలు పంచుకుని చెబితే బోర్డు సభ్యులు రాసుకుంటారు.

రెండు బడులు కలిసినప్పుడు అసలు పరీక్ష డబ్బుది. మూతపడే బడి పీటీఓ ఖాతాలో 18,000 ఉన్నాయనుకోండి. అందులో 11,000 ప్లేగ్రౌండ్ కోసమని వసూలు చేసినవి. ఆ ప్లేగ్రౌండ్ ఇక రాదు. ఈ డబ్బును చివరి ఏడాది పార్టీలకు ఖర్చుపెట్టేయాలని, కుటుంబాలకు తిరిగిచ్చేయాలని, కొత్త బడికి ఇవ్వాలని మూడు గొంతులు లేస్తాయి. కుటుంబాలకు తిరిగి పంచడం 501(సి)(3) సంస్థకు కుదరదు. రద్దు నిబంధన ప్రకారం మిగిలింది మరో ధర్మసంస్థకో, ప్రజావసరం కోసం ప్రభుత్వ సంస్థకో వెళ్లాలి. ప్లేగ్రౌండ్ అని చెప్పి తీసుకున్నది కొత్త బడి ప్లేగ్రౌండ్‌కే వెళ్లడం సబబు. మార్చాలంటే ఇచ్చినవాళ్లను అడగాలి. మినిట్స్‌లో "ప్లేగ్రౌండ్ నిధి" అని విడిగా రాయని చోట ఏది దేనికోసం ఇచ్చారో తేలక తగువు సంవత్సరం నడుస్తుంది.

వరుస ఇలా ఉంటే ఇబ్బంది తగ్గుతుంది. బోర్డు ఓటు కాగానే రెండు పీటీఓల నుంచి సమాన సంఖ్యలో సభ్యులతో కమిటీ వేయాలి. రోజువారీ పనులకు తప్ప ఖర్చు ఆపాలి. గ్రిల్లు, పాప్‌కార్న్ మిషను, టేబుళ్లు, స్పిరిట్ వేర్ (బడి పేరున్న చొక్కాలు) నిల్వ దాకా జాబితా రాయాలి. బైలాస్ చెప్పిన నోటీసు గడువుతో సభ్యుల సమావేశం పెట్టి రద్దు తీర్మానం చేయాలి. బిల్లులన్నీ తీర్చాక మిగిలింది చెక్కుగా కొత్త సంస్థకు బదిలీ చేయాలి. ఆఖరి 990-ఎన్‌లో సంస్థ ముగిసిందన్న గడికి టిక్కు పెట్టాలి, రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఉంటే అదీ మూసేయాలి. బ్యాంకు ఖాతా మూయడం అన్నిటికన్నా చివర, ఎందుకంటే ఆలస్యంగా వచ్చే మ్యాచింగ్ చెక్కులకు చోటుండాలి. ఈఐఎన్ కొత్త సంస్థకు బదిలీ కాదు. కాబట్టి మ్యాచింగ్ పోర్టళ్లన్నిటిలో కొత్తగా నమోదు చేసుకోవాలి. ఈ ఒక్కటి మరిచిపోయి మొదటి శరత్కాలం మ్యాచింగ్ మొత్తం పోగొట్టుకునే పీటీఓలున్నాయి.

టీషర్టుల విషయంలో చిన్న హెచ్చరిక. బడి పేరో మస్కటో (బడి గుర్తుగా వాడే బొమ్మ) మారొచ్చని మాట వినిపించిన రోజు నుంచి స్పిరిట్ వేర్ స్టాకు కొనడం ఆపి, ముందే డబ్బు కట్టినవాళ్లకు మాత్రమే ఆర్డరు పెట్టాలి. లేకపోతే పాత మస్కట్ బొమ్మ ఉన్న మీడియం సైజు చొక్కాలు అట్టపెట్టెల్లో మిగిలిపోతాయి. పిల్లల వైపు నుంచి చూస్తే అన్నిటికన్నా పనికొచ్చేది మే నెలలో ఒక మధ్యాహ్నం: రెండు బడుల పిల్లలను తరగతుల వారీగా కొత్త భవనం చూపించడం, అక్కడ చదివే పిల్లను ఒక్కొక్కరికి జతచేయడం, బాత్రూమ్ ఎక్కడ, లంచ్ లైను ఎక్కడ అని చూపించడం. దీనికయ్యేది బస్సు ఖర్చే. పెద్ద వేడుకల కన్నా ఇదే ఎక్కువ ఫలితమిస్తుంది.

టైము ఇచ్చేవాళ్లకు

ఫీల్డ్ ట్రిప్పులో తోడు వెళ్లాలన్నా, క్లాసులో సాయపడాలన్నా చాలా డిస్ట్రిక్టులు బ్యాక్‌గ్రౌండ్ చెక్ అడుగుతాయి. దానికి రోజులు పడుతుంది, ఏడాదికోసారి మళ్లీ చేయించాల్సిన చోట్లూ ఉన్నాయి. ట్రిప్పు వారంలో దరఖాస్తు పెట్టి బస్సు దగ్గర నిరాశపడేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. సెప్టెంబరులోనే పెట్టేయండి. కుటుంబాల ఫోన్ నంబర్లు బడి తనంతట తానుగా పీటీఓకి ఇచ్చేయదు, విద్యార్థుల వివరాల గోప్యతకు ఫెర్పా నియమాలున్నాయి. డైరెక్టరీలో మీ పేరు మీరే చేర్చుకోవాలి, జనవరిలో చేరిన కుటుంబాలు ముఖ్యంగా. మన వాట్సాప్ గ్రూపులో వచ్చేసరికి సైనప్ గడువు ముగిసిపోయి ఉండటానికి కారణం ఎక్కువగా ఇదే.

వారం మధ్యలో పగలు రాలేనివాళ్లకు, లెక్కలు తెలిసినవాళ్లకు ఒక పని ఉంది, దానికి ఎప్పుడూ మనుషులు దొరకరు: వేసవిలో ఆడిట్ కమిటీ. సంతకం అధికారం లేని ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒక శనివారంలో అయిపోతుంది. పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, చెక్కుల రిజిస్టరు, రసీదులు, మినిట్స్, ఆమోదించిన బడ్జెట్, నగదు లెక్క చీటీలు ముందు పెట్టుకోండి. ప్రతి చెక్కుకూ రసీదు ఉందా, ప్రతి పెద్ద ఖర్చుకూ మినిట్స్‌లో ఓటు ఉందా, చీటీ మీద రాసిన నగదూ బ్యాంకులో పడినదీ ఒకటేనా, ఇంకా చెల్లని చెక్కులు ఎన్ని మిగిలాయో చూసి, ఒక పేజీ నివేదిక రాసి సెప్టెంబరు సమావేశంలో చదవాలి. కొత్త ట్రెజరర్ సంతకం బ్యాంకులో మారకముందే ఇది పూర్తయితే మంచిది. జూన్ సమావేశంలో చెయ్యెత్తితే చాలు, పోటీ ఉండదు.